వంద సీసాల ఇంటి వైన్: ఏ ఫిల్లర్ (సీసాలు నింపే పరికరం) తీసుకోవాలి?

ఫోల్సమ్_గ్యారేజ్:

అందరికీ నమస్కారం. శాక్రమెంటో దగ్గర ఫోల్సమ్‌లో ఉంటాం. మా బావగారి కుటుంబం, మేము కలిసి గ్యారేజ్‌లో వైన్ చేస్తుంటాం. లోడై నుంచి తెచ్చిన జిన్‌ఫాండెల్ (ఎర్ర వైన్) 15 గ్యాలన్లు, క్లార్క్స్‌బర్గ్ షెనిన్ బ్లాంక్ (తెల్ల వైన్) 5 గ్యాలన్లు ఇప్పుడు కార్బాయ్‌లలో, అంటే పెద్ద గాజు జాడీల్లో ఉన్నాయి. మొత్తం 20 గ్యాలన్లు, అంటే 75 లీటర్ల పైన. 750 మిల్లీలీటర్ల సీసాలు వంద దాకా వస్తాయి. రెండూ బాగా తేరుకున్నాయి. గ్యారేజ్ ఇంకా చల్లగా ఉండగానే, ఫిబ్రవరి నెలాఖరుకల్లా సీసాల్లోకి ఎక్కించాలని ఆలోచన.

ఇంతవరకు ఏటా ఒక్క కార్బాయ్ మాత్రమే చేశాం. ఆటో సైఫన్, గొట్టం, దాని చివర స్ప్రింగ్ ఉన్న ప్లాస్టిక్ వాండ్ (సీసాలోకి దించి నింపే సన్న గొట్టం), కార్కులు కొట్టడానికి రెండు చేతుల లీవర్ కార్కర్. వీటితో సరిపోయింది. ఈసారి నాలుగు కార్బాయ్‌లు. పైగా నాకు నడుము దగ్గర డిస్క్ సమస్య ఉంది, బరువులు ఎత్తొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. అంతా బావగారి మీద వేయడం నాకు ఇష్టం లేదు. మా అత్తయ్యగారు కూడా "కూర్చుని చేసే పనేదైనా ఉంటే నేనూ చేస్తా" అంటున్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, నిలబడలేరు. చెయ్యి మాత్రం చాలా స్థిరం.

చూసినవి ఇవి. ఒకటి, బువాన్ వీనో, ఫెరారీ లాంటి ఒంటి గొట్టం ఆటోమేటిక్ ఫిల్లర్లు. సీసా నిండగానే వాటంతట అవే ఆగిపోతాయి. రెండు, మూడు గొట్టాల స్టీల్ ఫిల్లర్, పైన చిన్న తొట్టి, అందులో ఫ్లోట్. మూడు, ఎనోల్‌మాటిక్ లాంటి వాక్యూమ్ మెషిన్. మూడోది నా లెక్కకు మించి ఉంది, కానీ కార్బాయ్ నేల మీదే ఉంచి నింపొచ్చంటున్నారు కాబట్టి మనసు అటే పోతోంది. బడ్జెట్ 300 డాలర్లు. తప్పదంటే ఇంకొంచెం పెడతాను.

సీసాలు స్నేహితుల ఇళ్ల నుంచి పోగుచేసినవి. బోర్డో రకం, బర్గండీ రకం కలిసి ఉన్నాయి. కొన్నిటికి స్క్రూ మూతలు. షెనిన్ బ్లాంక్ గురించే నాకు ఎక్కువ టెన్షన్. వాసన చాలా బాగుంది, సీసాల్లోకి వెళ్లేలోపు అది పోకూడదు. వేగం ముఖ్యమా, గాలి తగలకపోవడం ముఖ్యమా, దేనికి డబ్బు పెట్టాలి? వాడినవాళ్లు చెప్పండి.


ఒక్క_కార్బాయ్:

వంద సీసాలకు మెషిన్ అవసరం లేదని నా అభిప్రాయం. వాండ్ పది డాలర్ల లోపు వస్తువు. సీసా అడుగున ఆనిస్తే తెరుచుకుంటుంది, ఎత్తితే మూసుకుంటుంది. వైన్ అడుగు నుంచి పైకి వస్తుంది కాబట్టి చిందదు, కడగడం కూడా తేలిక. ఇద్దరు మనుషులుంటే మధ్యాహ్నం భోజనాల లోపు వంద సీసాలు అయిపోతాయి. మిగిలిన డబ్బు మంచి ద్రాక్షకు పెట్టండి.

ఒక్క విషయం. స్క్రూ మూతల సీసాలకు కార్క్ కొట్టకండి. ఆ మెడ కార్క్ ఒత్తిడికి తగ్గట్టు చేసింది కాదు, పగిలే ప్రమాదం ఉంది. వాటిని పక్కన పెట్టేయండి.


లివర్‌మోర్_తోటమాలి:

ఫోల్సమ్ గారూ, మీరు అడిగిన దాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. సీసా ఎలా నిండాలి అన్నది ఒకటి. మీ గ్యారేజ్‌లో నలుగురు మనుషులు నొప్పి లేకుండా ఎలా పని చేయాలి అన్నది రెండోది. రెండూ విడివిడిగా చూస్తే మెషిన్ ఏదో దానంతట అదే తేలుతుంది.

నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడు జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇంజెక్షన్ సీసాల ఫిల్లింగ్ లైన్ మీద పనిచేశాను. అక్కడ మొదటి వారంలోనే నేర్పే సంగతి, లైన్‌లో అన్నిటికంటే నిదానమైన చోటు ఎంత వేగంగా నడిస్తే మొత్తం లైన్ అంతే వేగంగా నడుస్తుందని. ఇంటి వైన్‌లో ఆ నిదానమైన చోటు దాదాపు ఎప్పుడూ ఫిల్లర్ కాదు. మీ రెండు లీవర్ల కార్కర్.

లెక్క చూడండి. ఒంటి గొట్టం గ్రావిటీ ఫిల్లర్‌తో సీసాకు సుమారు 40 సెకన్లు పడుతుంది. వంద సీసాలకు గంటా పది నిమిషాలు. మూడు గొట్టాలది కొంటే అది అరగంట లోపుకు వస్తుంది. కానీ చేతి కార్కర్‌తో సీసా పట్టుకుని, కార్క్ పెట్టి, రెండు చేతులా నొక్కడానికి దాదాపు ఒక నిమిషం. వంద కార్కులంటే భుజాలు పడిపోతాయి, చివరి ఇరవై సీసాల్లో కార్కులు వంకరగా దిగుతాయి. అప్పుడు మూడు గొట్టాల ఫిల్లర్ ఉన్నా చేసేదేముంది? నిండిన సీసాలు మూతల్లేకుండా, గాలికి తెరుచుకుని, కార్కర్ ముందు వరస కట్టి నిలబడతాయి. మీరు గాలి తగలకూడదని కొన్న మెషినే సీసాలను గాలిలో నిలబెడుతుంది.

అందుకే మొదటి డబ్బు నేల మీద నిలబెట్టే ఫ్లోర్ కార్కర్‌కు పెట్టండి. పోర్చుగల్ నుంచి వచ్చే ఎర్ర రంగుది కానీ, ఇటలీ నుంచి వచ్చే ఇత్తడి దవడలదీ కానీ. మీ బడ్జెట్ లోపే అయిపోతుంది. చాలా వైన్ సామాన్ల షాపులు అద్దెకు కూడా ఇస్తాయి. దాంతో సీసాకు 15, 20 సెకన్లు చాలు, బలం అక్కర్లేదు, కార్క్ నిటారుగా దిగుతుంది. 9వ నంబర్ కార్క్ వ్యాసం 24 మిల్లీమీటర్లు, సీసా నోరు సుమారు 18.5. అంత కార్క్‌ను అంత సన్న మెడలోకి చేతి కార్కర్‌తో దింపడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది. ఫ్లోర్ కార్కర్ దవడలు ముందు దాన్ని చుట్టూ సమంగా నొక్కి సన్నం చేస్తాయి, ఆ తర్వాతే కిందికి తోస్తాయి.

ఇక ఫిల్లర్. ఒక్క_కార్బాయ్ గారు చెప్పినట్టు వాండ్ మంచి వస్తువే, నేను దాన్ని తక్కువ చేయను. కానీ వైన్ సీసాకు దాంతో ఒక చిక్కుంది. వాండ్ తీయగానే అది ఆక్రమించిన మేరకు వైన్ మట్టం కిందికి దిగుతుంది. వాండ్ మందం 9.5 మిల్లీమీటర్లు. సీసా లోపల దాదాపు 30 సెంటీమీటర్ల పొడవు దిగుతుంది. అంటే 21 మిల్లీలీటర్ల చోటు. సీసా మెడ సన్నగా ఉంటుంది కాబట్టి నోటి అంచుదాకా నింపినా మట్టం 6, 7 సెంటీమీటర్లు పడిపోతుంది. 38 మిల్లీమీటర్ల కార్క్ కొడితే కింద 3 సెంటీమీటర్ల దాకా ఖాళీ. మనకు కావలసింది ఒకటింబావు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లే. అందుకని ప్రతి సీసాకూ వాండ్ కొన మెడ లోపలి గోడకు ఆనించి ఇంకాస్త పోయాలి. ఎర్ర వైన్‌కు పర్లేదు. మీ షెనిన్ బ్లాంక్‌కు మాత్రం ప్రతి సీసా కంటితో చూసి సరిచేయడం నాకు నచ్చదు.

ఆ ఖాళీ గురించి ఎందుకింత పట్టింపు అంటారేమో. సీసా మెడలో 5 మిల్లీలీటర్ల గాలి మిగిలితే అందులో ఆక్సిజన్ సుమారు 1.4 మిల్లీగ్రాములు. వైన్ చెడకుండా మనం సల్ఫైట్ వేస్తాం కదా, ఒక్కో మిల్లీగ్రాము ఆక్సిజన్ కాలక్రమంలో దాదాపు 4 మిల్లీగ్రాముల సల్ఫైట్‌ను తినేస్తుంది. అంటే ఒక సీసాలో 5 మిల్లీగ్రాముల పైచిలుకు, లీటరుకు లెక్క వేస్తే 7 మిల్లీగ్రాములు, అంటే 7 పీపీఎం. మీరు 26 పీపీఎం వేసి సంతోషపడితే అందులో పావు వంతు మెడలో గాలికే పోయింది. ఖాళీ రెట్టింపైతే నష్టమూ రెట్టింపు. వంద సీసాల్లో ఒక్కోటి ఒక్కో మట్టంలో ఉంటే రెండేళ్ల తర్వాత ఒక్కో సీసా ఒక్కో రుచిగా ఉంటుంది. ఒకే కార్బాయ్ వైన్, ఒకే కష్టం, కానీ అతిథికి ఏ సీసా పడుతుందో చెప్పలేం. నాకు అది బాధగా ఉంటుంది.

మరీ నిండుగా ఉన్నా ముప్పే, ముఖ్యంగా మీ ఊళ్లో. వైన్ వేడికి వ్యాకోచిస్తుంది. 750 మిల్లీలీటర్ల వైన్ 15 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే 3 మిల్లీలీటర్ల పైన పెరుగుతుంది. మెడలో అది సెంటీమీటరు పైన ఎత్తు. ఫిబ్రవరిలో 10 డిగ్రీల గ్యారేజ్‌లో కార్క్‌కు ఆనుకునేలా నింపి, అదే గ్యారేజ్‌లో జులై దాకా ఉంచితే కార్కులు పైకి లేస్తాయి. శాక్రమెంటో ఎండ సంగతి మీకు చెప్పేదేముంది. వైన్ చల్లగా ఉండగా నింపితే ఖాళీ కొంచెం ఎక్కువే, ఒకటిన్నర దాటి, రెండుకు దగ్గరగా వదలండి. వేసవిలో సీసాలను ఇంట్లోకి మార్చండి.

ఈ రెండు కారణాల వల్లే, మట్టం చూసుకుని తనంతట ఆగిపోయే ఒంటి గొట్టం ఫిల్లర్ మీకు సరైనదని నా నమ్మకం. సైఫన్ మీదే, అంటే ఎత్తులో ఉన్న కార్బాయ్ నుంచి వైన్ కిందికి పారే బలంతోనే నడుస్తుంది, కరెంటు అక్కర్లేదు. పొడుగు గొట్టం సీసాలోకి దిగుతుంది, వైన్ కిందినుంచి నిండుతుంది. పక్కన ఇంకో సన్న గొట్టం ఉంటుంది. నురగ వస్తే దాని ద్వారా చిన్న గ్లాసులోకి పోతుంది. మట్టం ఒకసారి సెట్ చేస్తే ప్రతి సీసా అదే మట్టం. ధర నూరు డాలర్ల లోపే. మీ అత్తయ్యగారి పని ఇదే. ఆవిడ కుర్చీలో కూర్చుని, ముందు పొట్టి బల్ల మీద ట్రే పెట్టుకుని ఖాళీ సీసా పెట్టి, నిండినది పక్కకు జరిపితే చాలు. మట్టం ఎక్కడిదాకా వచ్చిందని వంగి చూసే పని లేదు.

మూడు గొట్టాలది 50 గ్యాలన్ల పైన చేసేవాళ్లకు ఉపయోగం. దాని ఏర్పాటు అందంగా ఉంటుంది. తొట్టిలో ఫ్లోట్ ఏ మట్టంలో ఉంటే సీసాలోనూ వైన్ అంతవరకే వచ్చి ఆగుతుంది. కానీ తొట్టి పైన తెరిచే ఉంటుంది. మూడు గొట్టాల్లోనూ విడివిడిగా సైఫన్ అందించాలి. చివర్లో తొట్టిలో వైన్ మిగిలిపోతుంది. 5 గ్యాలన్ల తెల్ల వైన్‌ను దాంట్లో పోయడం నాకు ఇష్టం ఉండదు.

బరువు సంగతి మర్చిపోలేదు. 5 గ్యాలన్ల గాజు కార్బాయ్ నిండుగా ఉంటే దాదాపు 25 కిలోలు. దయచేసి మీరు ముట్టుకోకండి. బావగారు కూడా మెడకు బిగించే హ్యాండిల్ పట్టుకుని ఎత్తకూడదు. నిండు కార్బాయ్‌ను ఎత్తడానికి కాదు అది. అడుగున బెల్టులు ఉండే క్యారియర్ తొడిగి ఇద్దరు కుర్రాళ్లు పట్టుకుని ముందు వారమే బల్ల మీద పెట్టాలి. కదిలితే అడుగున ఉన్న మడ్డి లేస్తుంది కాబట్టి అది మళ్లీ పేరుకోవడానికి కూడా ఆ వారం కావాలి. నింపే రోజు కార్బాయ్ ఎక్కడా కదలదు. నాలుగు కార్బాయ్‌లు, ఒక్కసారి ఎత్తడం. దానికోసం వాక్యూమ్ మెషిన్ కొనాలా అన్నది మీరు ఆలోచించండి.


ఫ్రిస్కో_మస్టాంగ్:

నమస్తే. టెక్సస్‌లో అడవి మస్టాంగ్ ద్రాక్షతో చేస్తాను. దాని పులుపు తెలిసినవాళ్లకు తెలుసు. ఎనోల్‌మాటిక్ వాడుతున్నాను. తోటమాలి గారు చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు, కానీ వాక్యూమ్ తరఫున కొంచెం మాట్లాడాలి.

ఇది సీసాలోని గాలిని లాగుతుంది, ఆ ఖాళీలోకి వైన్ వస్తుంది. సీసాలో గాలి ముందే పలచబడి ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ ఎక్కువ తగులుతుందన్న భయం నాకు లేదు. కార్బాయ్ నేల మీదే ఉంటుంది. మధ్యలో ఫిల్టర్ బిగించుకుంటే వడకట్టడం, నింపడం ఒకే పనిలో అయిపోతాయి. మట్టం దాటిన వైన్ పక్కన గాజు కుప్పెలోకి పోతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఇది సుఖం, అందులో సందేహం లేదు.

అయితే కొనేముందు మూడు సంగతులు తెలుసుకోవాలి. వైన్‌లో పులిసినప్పటి కార్బన్ డయాక్సైడ్ మిగిలి ఉంటే వాక్యూమ్‌కి అది నురగై లేస్తుంది, ఒక్క సీసా సరిగా నిండదు. ముందు పూర్తిగా పోగొట్టాలి. షెనిన్ బ్లాంక్ మీరు చల్లగా, నెమ్మదిగా పులియబెట్టి ఉంటే అది ఎక్కువే ఉండొచ్చు. రెండోది, పలచటి ప్లాస్టిక్ సీసాలు నింపలేం, వాక్యూమ్‌కి నలిగిపోతాయి. మూడోది, పంపుతో ఒక కార్బాయ్ నుంచి ఇంకో కార్బాయ్‌లోకి మార్చాలనుకుంటే, వాక్యూమ్ పెట్టే కార్బాయ్ మంచి గాజుదై ఉండాలి, చిన్న చీలిక కూడా ఉండకూడదు. సీసాలు నింపేటప్పుడు మాత్రం కార్బాయ్ మూతి తెరిచే ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్‌దైనా పర్లేదు.

రెండు కుటుంబాలు కలిసి ఏటా ఇంతకంటే పెంచుతారనుకుంటే వాక్యూమ్ మంచి పెట్టుబడి. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఫెడరల్ చట్టం ఏడాదికి 200 గ్యాలన్ల దాకా ఒప్పుకుంటుంది, అంటే వెయ్యి సీసాలు. అమ్మకూడదు, అంతే. వంద దగ్గరే ఆగుతారంటే తోటమాలి గారి మాటే వినండి.


కృష్ణలంక_కుర్రాడు:

అందరి మాటలూ ఆసక్తిగా చదువుతున్నాను. నేను విజయవాడలో ఉంటాను. ఇక్కడ నల్ల ద్రాక్షతో ఇంట్లో 5 లీటర్లు చేసుకుని ఇలా సీసాల్లో పెట్టుకోవచ్చా?


లివర్‌మోర్_తోటమాలి:

కుర్రాడు గారూ, వద్దు. మన ఆంధ్రాలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మత్తు పానీయం తయారు చేయడమే నేరం. అమ్మకపోయినా, ఇంట్లో తాగడానికే అయినా అంతే. మేం మాట్లాడుకునేదంతా అమెరికాలో ఉన్నవాళ్ల సంగతి. ఆసక్తి ఉంటే ద్రాక్ష రసం పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) చూడటం, తీపి కొలవడం నేర్చుకోండి. ఆ చదువు ఎక్కడైనా పనికొస్తుంది.


ఫోల్సమ్_గ్యారేజ్:

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. కార్కర్ సంగతి నా బుర్రకు తట్టనే లేదు. అన్ని వీడియోల్లో ఫిల్లర్ వేగం గురించే చెబుతున్నారు. బావగారితో మాట్లాడాను. వాళ్ల అబ్బాయి, మా అబ్బాయి కలిసి కార్బాయ్‌లు బల్ల మీదికి చేరుస్తారు. ఒంటి గొట్టం ఆటోమేటిక్ ఫిల్లర్, ఫ్లోర్ కార్కర్ కొనడానికే నిర్ణయించుకున్నాం. అత్తయ్యగారు అప్పుడే ఏ కుర్చీలో కూర్చోవాలో చూసుకుంటున్నారు.

ఇంకొన్ని అడగనా? సల్ఫైట్ ఎప్పుడు, ఎంత వేయాలి? షెనిన్ బ్లాంక్ పీహెచ్ 3.3, జిన్‌ఫాండెల్ 3.6 చూపిస్తున్నాయి. పాత సీసాలు ఎలా శుభ్రం చేయాలి? బ్లీచ్ వాడొచ్చని ఒక స్నేహితుడు అన్నాడు. నింపేటప్పుడు ముందు ఏది మొదలుపెట్టాలి, తెల్లదా ఎర్రదా?


లివర్‌మోర్_తోటమాలి:

బ్లీచ్ అసలు వద్దు. క్లోరిన్‌కు కార్క్, చెక్క, బూజు తోడైతే వైన్‌కు తడిసిన అట్టపెట్టె వాసన తెచ్చే పదార్థం పుట్టే అవకాశం ఉంది. ఆ వాసన పట్టిన వైన్‌ను బాగుచేయలేం. సీసాలను వేడినీళ్లలో వాషింగ్ సోడా వేసి నానబెట్టండి. లేబుళ్లు ఊడిపోతాయి. లోపల బ్రష్‌తో తోమి, రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడగండి. ఒక్కో సీసా వెలుతురుకు ఎత్తి చూడండి. అడుగున మరక ఉంటే, వాసన వస్తే మొహమాటపడకుండా పారేయండి. ఇది చివరి వారానికి పెట్టుకోవద్దు, ఇప్పటి నుంచే రోజుకు కొన్ని చేయండి. నింపే రోజు ఉదయం స్టార్ శాన్ అనే క్రిమిసంహారక ద్రావణంతో కానీ సల్ఫైట్ నీళ్లతో కానీ తడిపి, బాటిల్ ట్రీ (సీసాలు బోర్లించే స్టాండ్) మీద బోర్లించండి. స్టార్ శాన్ ఐతే 5 గ్యాలన్ల నీళ్లకు ఒక ఔన్సు, మళ్లీ కడగక్కర్లేదు. ఫిల్లర్‌లోంచి, గొట్టంలోంచి కూడా అదే ద్రావణం పారించండి. సైఫన్ అందుతోందా, మట్టం దగ్గర ఆగుతోందా అని మామూలు నీళ్లతో ముందే ఒకసారి చూసుకోండి. కొత్త ఫిల్లర్‌ను మొదటిసారి వైన్‌తో పరీక్షించకూడదు.

సల్ఫైట్ పీహెచ్‌ని బట్టి ఉంటుంది. షెనిన్ బ్లాంక్ 3.3 అంటే ఫ్రీ సల్ఫైట్, అంటే వైన్‌లో దేనితోనూ కలిసిపోకుండా మిగిలినది, 26 పీపీఎం దగ్గర ఉండాలి. అదే స్థాయి రక్షణ 3.6 దగ్గర కావాలంటే 50 పట్టేది. కానీ ఎర్ర వైన్‌కు తొక్కల నుంచి వచ్చిన టానిన్ అనే వగరు పదార్థం అండ ఉంటుంది కాబట్టి జిన్‌ఫాండెల్‌కు 30 పైచిలుకు సరిపోతుంది. ఇవి వైన్‌లో ఉండాల్సిన అంకెలు, మీరు కొత్తగా వేయాల్సినవి కావు. ముందు ఇప్పుడు ఎంత ఉందో కొలవండి. కొలిచే కిట్ లేకపోతే శాంపిల్‌ను వైన్ ల్యాబ్‌కి పంపండి. లోడై, నాపా చుట్టుపక్కల ఆ పని చేసేవి ఉన్నాయి. సల్ఫైట్ అని మనం వేసే పొడి పొటాషియం మెటాబైసల్ఫైట్. అందులో పనిచేసే సల్ఫర్ డయాక్సైడ్ 57 శాతమే. 19 లీటర్ల కార్బాయ్‌కు 10 పీపీఎం పెంచాలంటే గ్రాములో మూడో వంతు చాలు. చెంచాలతో కొలవకండి, నగలు తూచే చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి. నింపడానికి రెండు రోజుల ముందు కొంచెం వైన్‌లో కరిగించి, మడ్డి లేవకుండా మెల్లగా కలపండి.

షెనిన్ బ్లాంక్‌లో కొంచెం తీపి మిగిలి ఉందా? హైడ్రోమీటర్ (వైన్ సాంద్రత చూసి తీపిని అంచనా వేసే సాధనం) 0.995 దగ్గర కానీ అంతకంటే కింద కానీ నిలిచి, నెల రోజులుగా కదలకుండా ఉంటే భయం లేదు. తీపి ఉంటే మాత్రం మళ్లీ పులియకుండా ఆపే పొటాషియం సార్బేట్ కూడా వేయకుండా సీసాల్లోకి ఎక్కించవద్దు. మళ్లీ పులిస్తే కార్కులు లేస్తాయి, సీసాలే పగలొచ్చు. పక్కన పిల్లలు తిరిగే ఇల్లు కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ముందు తెల్లది నింపండి. గొట్టాలు కొత్తగా ఉంటాయి, మనుషులు అలిసిపోయి ఉండరు. ఎర్రది తర్వాత వస్తే మధ్యలో పెద్దగా కడగక్కర్లేదు. తెల్లదానిలో మొదటి సీసాకే గొట్టంలోని గాలంతా తగులుతుంది. దానికి గుర్తు పెట్టి పక్కనుంచండి, ఆ రాత్రి భోజనంలోకి తెరిచేయండి. చివర్లో మడ్డి దగ్గరికి వచ్చాక ఇంకో సీసా వస్తుందేమోనని కార్బాయ్‌ను వంచకండి. రెండు గ్లాసుల వైన్ పోతే పోనివ్వండి.

బోర్డో, బర్గండీ సీసాల మెడలు ఒకేలా ఉండవు. కలిపి పెట్టుకుంటే ఫిల్లర్ మట్టం ప్రతిసారీ మార్చుకోవాలి. షెనిన్ బ్లాంక్ అంతా ఒకే రకం సీసాల్లో పెట్టండి. మిగిలినవి జిన్‌ఫాండెల్‌కు వాడి, రకం మారిన చోట ఒక్కసారి మట్టం సరిచేసుకోండి.


ఫోల్సమ్_గ్యారేజ్:

రాసి గ్యారేజ్ గోడకు అంటిస్తున్నాను. చివరిది ఒక్కటి. కార్కులు 38 మిల్లీమీటర్లవా, 45వా? మరిగించి మెత్తబరచాలా?


ఫ్రిస్కో_మస్టాంగ్:

మరిగించొద్దు, కార్క్ పాడవుతుంది, పొరలు వైన్‌లో తేలతాయి. కొత్త ప్యాకెట్ అయితే నింపే రోజే తెరిచి, ఎలా ఉన్నవి అలా వాడండి. ఫ్లోర్ కార్కర్‌కు తడపాల్సిన పని కూడా లేదు. ఒకటి రెండేళ్లలో తాగేసే షెనిన్ బ్లాంక్‌కు 38 చాలు. నాలుగైదేళ్లు ఉంచాలనుకునే జిన్‌ఫాండెల్‌కు 45 తీసుకోండి. మట్టం మాత్రం కార్క్ పొడవును బట్టి మార్చుకోవాలి.


లివర్‌మోర్_తోటమాలి:

అవును. కార్క్ కొట్టగానే సీసాలను పడుకోబెట్టకండి. కార్క్ దిగేటప్పుడు మెడలోని గాలిని నొక్కేస్తుంది, లోపల ఒత్తిడి ఉంటుంది. రెండు మూడు రోజులు నిటారుగా ఉంచితే ఆ గాలి మెల్లగా బయటికి పోతుంది, కార్క్ కూడా మెడకు పట్టుకుంటుంది. ఆ తర్వాత పడుకోబెట్టి, మర్నాడు కింద ఎక్కడైనా తడి ఉందేమో చేత్తో తడిమి చూడండి. కారుతున్న సీసా ఉంటే కార్క్ తీసి కొత్తది కొట్టకండి, తెరిచి తాగేయండి. షెనిన్ బ్లాంక్‌ను ఒక నెలన్నా ముట్టుకోవద్దు. సీసాలోకి ఎక్కిన కొత్తలో దాని వాసన అణిగిపోయినట్టు ఉంటుంది. కంగారు పడకండి, తిరిగి వస్తుంది.